స్పోర్టర్‌గా మారిన పాత సైనిక రైఫిల్: దేన్ని పూర్వరూపానికి తేవచ్చు, దేన్ని అలాగే వదిలేయాలి

అమెరికాలో పాత ఆయుధాల ప్రదర్శనల్లో తరచూ కనిపించే దృశ్యం ఇది. ఒకే టేబుల్ మీద బ్రిటిష్ సైన్యం వాడిన లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిళ్లు రెండు ఉంటాయి. ఫ్యాక్టరీ ఒకటే, తయారైన సంవత్సరం ఒకటే. ఒకదాని ధర రెండోదానిలో సగం కూడా ఉండదు. చవకదాన్ని చూస్తే ముందు సగం చెక్క లేదు, బ్యారెల్ బోసిగా బయటకు పొడుచుకొచ్చి ఉంటుంది. కొత్తగా ఈ హాబీలోకి వచ్చినవాళ్లకు వెంటనే ఒక ఆలోచన వస్తుంది: చవకది కొని, పోయిన చెక్క విడిగా తెచ్చి బిగిస్తే అసలు రైఫిల్ తయారైపోదా?

కొన్నిసార్లు నిజంగానే అయిపోతుంది. కొన్నిసార్లు చెక్కకు పెట్టిన డబ్బంతా వృథా అవుతుంది, ఎందుకంటే పోయింది చెక్క ఒక్కటే కాదు. ఈ రెంటికీ తేడా కొనకముందే తెలుసుకోవచ్చు. రైఫిల్ పేరు, దేశం, యుద్ధం ఇవన్నీ తర్వాతి సంగతి. దాని మీద ఎవరు, ఎక్కడ, ఏ పనిముట్టు పెట్టారన్నదే మొదట చూడాలి.

## స్పోర్టరైజ్ చేయడం అంటే ఏమిటి

సైన్యం కోసం తయారైన రైఫిల్‌ను వేటకు అనువుగా మార్చడాన్ని స్పోర్టరైజ్ చేయడం అంటారు. అలా మారిన రైఫిల్ స్పోర్టర్. సైనిక రైఫిల్‌కు దాదాపు బ్యారెల్ చివరిదాకా చెక్క ఉంటుంది. కాల్చీ కాల్చీ బ్యారెల్ వేడెక్కినా సైనికుడి చెయ్యి కాలకూడదని, బయొనెట్‌తో పొడిచినా తట్టుకోవాలని అలా చేశారు. వేటగాడికి ఆ బరువు అనవసరం. అందుకే ముందు చెక్కను సగానికి కోసేవాళ్లు, బ్యారెల్ మీద ఉండే హ్యాండ్‌గార్డ్‌ను, ఇనుప బ్యాండ్లను తీసేసేవాళ్లు. కొందరు అక్కడితో ఆగారు. మరికొందరు బ్యారెల్ పొట్టి చేశారు, గురి చూసే సైనిక సైట్లు తీసేశారు, స్కోప్ బిగించడానికి రంధ్రాలు వేశారు, బోల్ట్ (తూటాను లోపలికి నెట్టి మూసే కడ్డీ) పిడిని కిందికి వంచారు. ఇంకొందరు తూటా రకాన్నే మార్చేశారు.

ఇప్పుడు మనకు నష్టంగా కనిపించే ఈ పని ఆ రోజుల్లో ఎవరికీ తప్పుగా తోచలేదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఐరోపా సైన్యాల మిగులు రైఫిళ్లు లక్షల సంఖ్యలో అమెరికా మార్కెట్‌కు చేరాయి. పోస్టులో ఆర్డర్ ఇస్తే ఇంటికే వచ్చేవి. షికాగోలోని క్లైన్స్ అనే దుకాణం 1963లో స్కోప్ బిగించిన ఇటాలియన్ కార్కానోను 19.95 డాలర్లకు అమ్మింది. అధ్యక్షుడు కెనడీ హత్యలో వాడినది అలా పోస్టులో వచ్చిన రైఫిలే. 1968లో గన్ కంట్రోల్ యాక్ట్ వచ్చాక ఆ పోస్టు వ్యాపారం, మిగులు సైనిక రైఫిళ్ల దిగుమతి ఆగిపోయాయి. సేకరణ విలువ ఉన్న పాత రైఫిళ్ల దిగుమతికి 1984లో మళ్లీ దారి తెరుచుకుంది. అయితే దిగుమతిదారు తన ముద్ర రైఫిల్ మీద వేయాల్సిందే. అందుకే 1968కి ముందు వచ్చిన స్పోర్టర్లకు ఒక ప్రత్యేకత ఉంది: వాటి మీద ఆ ముద్ర ఉండదు. పూర్వరూపానికి తెచ్చాక ఈ చిన్న విషయం సేకర్తల కళ్లలో బాగా బరువు తూగుతుంది.

## చెక్క పోతే దొరుకుతుంది, ఇనుము పోతే?

స్పోర్టర్‌లో జరిగిన మార్పుల్ని రెండుగా విడగొట్టుకుంటే సగం గందరగోళం తీరుతుంది. విప్పి వేరేది బిగించగలిగే భాగాల్లో జరిగినవి ఒక వైపు: చెక్క, బ్యాండ్లు, స్క్రూలు, స్లింగ్ కొక్కేలు, కొన్ని రకాల సైట్లు. రైఫిల్ ఒంటిమీదే జరిగినవి ఇంకో వైపు: రిసీవర్‌ను (బ్యారెల్, బోల్ట్ వచ్చి కలిసే లోహ భాగం) అరగదీయడం, రంధ్రాలు వేయడం, బ్యారెల్ కోయడం, ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) తొలచడం. మొదటి వైపువి ఓపికతోనూ డబ్బుతోనూ తీరతాయి. రెండో వైపు వాటిలో చాలావరకు తీరవు, తీరినా ఖర్చు అసలు రైఫిల్ ధరను దాటిపోతుంది.

చెక్క విషయంలోనూ అన్ని రైఫిళ్లూ ఒకటి కాదు. లీ-ఎన్‌ఫీల్డ్ స్టాక్ రెండు ముక్కలు. భుజానికి ఆనించే బట్ వేరు, బ్యారెల్ కింద ఉండే ఫోర్‌ఎండ్ వేరు. కోసినవాళ్లు ఎక్కువగా ఫోర్‌ఎండ్ జోలికే వెళ్లారు కాబట్టి బట్, దాని మీది సైనిక ముద్రలు చాలాసార్లు క్షేమంగా మిగిలాయి. జర్మన్ మౌజర్, అమెరికన్ స్ప్రింగ్‌ఫీల్డ్ లాంటివాటికి స్టాక్ అంతా ఒకే చెక్క. దాన్ని కోశారంటే మొత్తం స్టాక్ కొత్తగా వెతుక్కోవాలి, లేదా పోయినంత మేరకు పాత చెక్క ముక్కను అతికించి, అతుకు బ్యాండ్ కిందికి వచ్చేలా సర్దాలి. చెయ్యి తిరిగిన పనివాడు అతికితే బ్యాండ్ తీస్తే తప్ప తెలియదు.

ఇక్కడే డఫెల్ కట్ అనే ఒక పాత గుర్తును కూడా చెప్పుకోవాలి. యుద్ధం నుంచి ఇంటికి తిరిగొచ్చే అమెరికన్ సైనికులు శత్రువు రైఫిల్‌ను గుర్తుగా తెచ్చుకునేవాళ్లు. పొడవైన స్టాక్ వాళ్ల డఫెల్ బ్యాగులో పట్టేది కాదు. బ్యాండ్ కింద రంపంతో కోసి, రెండు ముక్కలూ బ్యాగులో వేసుకొచ్చారు. ఇది స్పోర్టరైజ్ చేయడం కిందికి రాదు. ముక్కలు రెండూ ఉంటే అతుక్కోవడం తేలిక, పైగా ఆ కోతే ఆ రైఫిల్ ఎలా వచ్చిందో చెప్పే సాక్ష్యం. దాన్ని పూర్తిగా మాయం చేసే ప్రయత్నం నా దృష్టిలో పొరపాటు.

కొత్త ఫోర్‌ఎండ్ తెచ్చి స్క్రూలు బిగిస్తే పనైపోయిందనుకోవడం కూడా సరికాదు. లీ-ఎన్‌ఫీల్డ్‌లో రైఫిల్ పేలినప్పటి తోపుడు దెబ్బను ఫోర్‌ఎండ్ వెనక భాగంలోని రెండు చెక్క అంచులు భరిస్తాయి. వాటిని డ్రాస్ అంటారు. రిసీవర్‌కు అవి రెండువైపులా సమంగా, గట్టిగా ఆనాలి. వదులుగా ఉంటే చెక్క వెనక నుంచి చీలుతుంది, గురీ నిలవదు. లీ-ఎన్‌ఫీల్డ్‌లోనే నం.4 అనే రకం రైఫిల్‌లో ఫోర్‌ఎండ్ ముందు కొస బ్యారెల్‌ను కొద్దిగా పైకి నొక్కి పట్టాలి కూడా. చూడటానికి చక్కగా కూర్చున్న చెక్క ఈ రెండు పరీక్షల్లో తప్పడం మామూలే. కాబట్టి చెక్క దొరకడం వేరు, కుదరడం వేరు. ఖర్చు లెక్కలో రెండూ ఉండాలి.

## ముందు కొస చెప్పే కథ

బ్యారెల్ కోశారా లేదా అన్నది అన్నిటికన్నా ముందు చూడాల్సిన విషయం. టేపుతో కొలవడం ఒక మార్గం. బోల్ట్ మూసి, ముందు కొస నుంచి లోపలికి కర్ర పెట్టి కొలిస్తే పొడవు తెలుస్తుంది. లీ-ఎన్‌ఫీల్డ్ నం.4 బ్యారెల్ 25.2 అంగుళాలు. స్ప్రింగ్‌ఫీల్డ్ 1903కి 24. అమెరికన్ ఎం1917కి 26. జర్మన్ కరబీనర్ 98కె బ్యారెల్ 600 మిల్లీమీటర్లు. ఒకటి రెండు అంగుళాలు తక్కువైనా కోసినట్టే.

టేపు కన్నా నమ్మకమైన గుర్తులు బ్యారెల్ మీదే ఉంటాయి. నం.4 కొసకు దగ్గర్లో బయొనెట్ పట్టుకోవడానికి చిన్న ఇనుప బుడిపెలు ఉంటాయి. అవి అరిగించినట్టు చదునుగా ఉంటే ఎవరో ఆకురాయి వాడారని అర్థం. అసలు జాడే లేకపోతే బ్యారెల్ కోశారని అర్థం. స్ప్రింగ్‌ఫీల్డ్ 1903 ఇంకా స్పష్టంగా చెబుతుంది. ముందు సైట్‌కు కాస్త వెనక, బ్యారెల్ పైభాగాన తయారీ సంస్థ అక్షరాలు, మండుతున్న బాంబు గుర్తు, నెల, సంవత్సరం ముద్రించి ఉంటాయి. ఆ ముద్ర ఉంటే ఆ బ్యారెల్ కొస తెగలేదు. వేలెడంత చోటు అది, రైఫిల్ భవిష్యత్తు మొత్తం అక్కడే తేలిపోతుంది.

పొట్టిగా ఉన్న ప్రతి రైఫిలూ పాడైనదేం కాదు. స్వీడన్ సైన్యం తన పొడవాటి ఎం/96 మౌజర్లలో కొన్నిటిని తానే పొట్టి చేసి ఎం/38గా వాడుకుంది. అది సైనిక రూపమే. దీనికి వ్యతిరేకమైన చిక్కు అమెరికన్ క్రాగ్ రైఫిల్‌లో వస్తుంది. దాని అసలు బ్యారెల్ 30 అంగుళాలు, అశ్విక దళం వాడిన పొట్టి రకానికి, అంటే కార్బైన్‌కు, 22. కార్బైన్ అరుదు కాబట్టి, కోసిన రైఫిల్ ఒక్కోసారి కార్బైన్ పేరుతో అమ్మకానికి వస్తుంది. లీ-ఎన్‌ఫీల్డ్‌లోనూ ఇదే కథ. నం.4 రైఫిళ్లను కోసి నం.5 జంగిల్ కార్బైన్‌లా కనిపించేలా అమెరికాలోనే వాణిజ్యపరంగా తయారుచేసి అమ్మారు. అసలు నం.5లో బరువు తగ్గించడానికి రిసీవర్ మీద, బ్యారెల్ మొదట్లో లోహాన్ని చెక్కేసి ఉంటారు. నకలుకు ఆ చెక్కడాలు ఉండవు.

## రిసీవర్: రంధ్రాలు, అరిగిన భాగాలు

రిసీవర్ అంటే బ్యారెల్, బోల్ట్, ట్రిగ్గర్ అన్నీ వచ్చి కలిసే గుండెకాయ లాంటి భాగం. చట్టం దృష్టిలో కూడా తుపాకీ అంటే చాలా చోట్ల ఇదే, సీరియల్ నంబర్ ఉండేది దీని మీదే. స్కోప్ కోసం దీనిలో వేసిన రంధ్రాల గురించి సేకర్తల్లో రెండు మాటలు వినిపిస్తాయి.

ఒక మాట ప్రకారం రంధ్రం పడిందంటే ఆ రైఫిల్ సేకరణకు పనికిరాదు. ఇంకో మాట ప్రకారం, రంధ్రాల్లో చిన్న స్క్రూలు బిగించి పై తలాన్ని సమం చేస్తే దూరం నుంచి ఎవరికీ తెలియదు, వాడకానికి ఇబ్బంది లేదు. రెండూ తమ తమ కొలమానంలో నిజమే. సేకరణ ధర కావాలంటే మొదటిది, గోడమీదో రేంజ్‌లోనో సైనిక రూపం కావాలంటే రెండోది. కానీ రంధ్రాన్ని వెల్డింగ్‌తో పూడ్చడం మాత్రం రెండువైపుల జాగ్రత్తపరులూ వద్దంటారు. రిసీవర్ లోహాన్ని నిర్ణీత వేడిలో కాల్చి, చల్లార్చి బలం తెచ్చారు. వెల్డింగ్ వేడి ఆ బలాన్ని ఆ చోట చెడగొడుతుంది. తూటా పేలినప్పటి ఒత్తిడి అంతా కాల్చేవాడి ముఖానికి కొన్ని అంగుళాల దూరంలోనే ఉంటుంది.

ఎం1917లో పెద్ద నష్టం వెనక సైట్ దగ్గర జరిగింది. ఆ సైట్‌కు రెండువైపులా రక్షణగా చెవుల్లాంటి రెక్కలు రిసీవర్‌లో భాగంగానే ఉంటాయి. స్కోప్‌కు అడ్డమని వాటిని గ్రైండ్ చేసి గుండ్రంగా చేసేశారు. ఆ చెవులు పోయిన ఎం1917ను పూర్వరూపానికి తేవాలని చూడటంలో అర్థం లేదు. దాదాపు 22 లక్షల రైఫిళ్లు తయారయ్యాయి, చెవులున్నది వెతుక్కుంటే దొరుకుతుంది.

జపాన్ అరిసాకా రైఫిల్ మీద చక్రవర్తి చిహ్నమైన చామంతి పువ్వు గుర్తు ఉంటుంది. అది అరగదీసి ఉంటే వేటగాళ్ల పనేనని అనుకోకూడదు, లొంగిపోయే సమయంలో అరగదీసినవి చాలా ఉన్నాయి. ఆ గుర్తును మళ్లీ చెక్కించడం చరిత్రను సరిదిద్దడం అనిపించుకోదు.

## కంటికి కనిపించని మార్పు

బయటికి అంతా బాగుండి, లోపల ఛాంబర్ మారిపోయిన రైఫిళ్లు కొన్ని ఉంటాయి. ఉదాహరణకు 98కె మౌజర్ తూటా కేసు (మందు ఉండే లోహపు గొట్టం) పొడవు 57 మిల్లీమీటర్లు. అమెరికాలో ఒకప్పుడు ఆ తూటా దొరకడం కష్టంగా ఉండేది, అమెరికన్ .30-06 తూటా కేసులు మాత్రం ఎక్కడైనా దొరికేవి, వాటి పొడవు 63. అందుకని ఛాంబర్‌ను ముందుకు తొలిచి, .30-06 కేసుకు 8 ఎంఎం గుండు పెట్టి కాల్చేలా మార్చారు. దీన్నే 8 ఎంఎం-06 అంటారు. బ్యారెల్ మీద ఈ సంగతి రాసి ఉండాలన్న హామీ లేదు. అందులో మామూలు 8 ఎంఎం మౌజర్ తూటా వేస్తే దానికి ముందు ఆనాల్సిన చోట ఖాళీ ఉంటుంది. కేసు తెగిపోయే ప్రమాదం ఉంది.

ఆస్ట్రేలియా నుంచి వచ్చిన లీ-ఎన్‌ఫీల్డ్ స్పోర్టర్లలో .303 కేసు మెడను కుదించి .25 గుండుకు సరిపెట్టినవి ఉన్నాయి. వాటిలో బ్యారెలే వేరు. అందుకే తుపాకీ మెకానిక్ ఛాంబర్‌లో సెర్రోసేఫ్ లాంటి తక్కువ వేడికి కరిగే లోహం పోసి అచ్చు తీసి కొలుస్తాడు. హెడ్‌స్పేస్, అంటే మూసిన బోల్ట్‌కూ తూటాకూ మధ్య ఉండే చోటు, గేజ్‌లతో చూస్తాడు. నం.4లో బోల్ట్ తలలు 0 నుంచి 3 దాకా నాలుగు సైజుల్లో వచ్చాయి కాబట్టి కొద్దిపాటి తేడా సర్దుకునే వీలుంది. మౌజర్‌లో అలాంటి సదుపాయం లేదు.

స్ప్రింగ్‌ఫీల్డ్ 1903లో ఇంకో హెచ్చరిక ఉంది, దీనికీ స్పోర్టరైజ్ చేయడానికీ సంబంధం లేదు. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారంలో 8,00,000 లోపు, రాక్ ఐలాండ్‌లో 2,85,507 లోపు నంబర్లున్న రిసీవర్లు పెళుసుగా ఉండొచ్చు. లోహం ఎంత వేడెక్కిందో అప్పట్లో పనివాళ్లు కంటితో, రంగు చూసి తేల్చేవాళ్లు. ఎండ బాగా ఉన్న రోజు కాలిన లోహం రంగు తక్కువగా కనిపించి, ఇంకా వేడి పెట్టేసేవాళ్లు. ఈ నంబర్లున్న రైఫిల్‌ను రూపం కోసం పునరుద్ధరించుకోవచ్చు, కాల్చడానికి మాత్రం ఎంచుకోకపోవడమే మంచిది.

## ఏ రోజు నాటి రూపానికి?

పూర్వరూపం అనగానే ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు రూపమే గుర్తొస్తుంది. కానీ సైనిక రైఫిల్ ఒక్క రూపంలో బతకదు. 1918లో తయారైన స్ప్రింగ్‌ఫీల్డ్ రెండో ప్రపంచ యుద్ధ సమయంలో ఆయుధాగారానికి తిరిగి వెళ్లి కొత్త బ్యారెల్, వేరే స్టాక్, తుప్పు పట్టకుండా వేసే బూడిదరంగు పార్కరైజ్డ్ పూతతో బయటికొచ్చి ఉండొచ్చు. అలాంటి రైఫిల్ బ్యారెల్ మీద 1942 ముద్ర ఉండి, స్టాక్ మాత్రం 1918 నాటిది తెచ్చి బిగిస్తే అది ఏ రోజూ లేని రూపం అవుతుంది. భారత్‌లోని ఇషాపూర్ ఆయుధ కర్మాగారంలో మరమ్మతు అయిన లీ-ఎన్‌ఫీల్డ్ ఫోర్‌ఎండ్‌కు అడ్డంగా బలం కోసం అదనపు స్క్రూ బిగించి ఉంటుంది. దానికి స్క్రూ లేని ఇంగ్లండ్ చెక్క పెడితే మెరుగ్గా కనిపించవచ్చు, కానీ ఆ రైఫిల్ సేవ చేసిన చోటు చెరిగిపోతుంది. లోహం మీద మిగిలిన ముద్రలే కాలాన్ని నిర్ణయించాలి, చెక్క వాటిని అనుసరించాలి.

## డబ్బు లెక్క ఒకసారి

ఇవి అర్థం కావడానికి వేసుకున్న గుండ్రటి అంకెలు మాత్రమే. ఒక నం.4 స్పోర్టర్ 250 డాలర్లు, పూర్తి రైఫిల్ 600 డాలర్లు అనుకుందాం. మొదటి స్పోర్టర్‌లో చెక్క మాత్రమే పోయింది. ఫోర్‌ఎండ్, హ్యాండ్‌గార్డ్‌లకు 180, బ్యాండ్లూ స్క్రూలకు 70, చెక్క కుదర్చడానికి మెకానిక్‌కు 100. మొత్తం 600. అంటే మిగిలింది ఏమీ లేదు, పోయిందీ లేదు. ఆ చెక్క పని సొంతంగా చేసుకోగలిగినవాళ్లకు 100 మిగులుతుంది. రెండో స్పోర్టర్‌లో బ్యారెల్ కూడా కోశారు. బ్యారెల్‌కు 200, బిగించి హెడ్‌స్పేస్ చూడటానికి 150 కలిపితే 950. బ్రిటన్‌లోనైతే మార్చిన బ్యారెల్‌ను అమ్మకానికి ముందు తుపాకుల బలాన్ని పరీక్షించే ప్రూఫ్ హౌస్‌లో పరీక్ష చేయించాలి కూడా. ఇంతా చేశాక అది కొనేవాళ్ల దృష్టిలో 600 రైఫిల్‌తో సమానం కాదు, భాగాలు కలిపి పెట్టినది అవుతుంది.

కాబట్టి లాభం కోసం చేసే పని కాదిది. రైఫిల్ మీద ఇష్టంతో చేసే పని.

అమెరికాలో ఇంకో చిక్కు చూడాలి. పాలిష్ చేసినప్పుడు సీరియల్ నంబర్ చెరిగిపోయిన రైఫిల్‌ను, ఆ సంగతి తెలిసి దగ్గర పెట్టుకోవడమే నేరం. చెరిపింది ఎవరైనా సరే. అలాంటిది ఎంత చవకగా వచ్చినా ఎంచుకోవాల్సినది కాదు.

## కోతనే చరిత్రగా చూసేవాళ్ల మాట

పునరుద్ధరణను వ్యతిరేకించేవాళ్ల వాదనను తేలిగ్గా తీసేయలేం. న్యూయార్క్‌లో 1923లో మొదలైన గ్రిఫిన్ అండ్ హౌ సంస్థ స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిళ్లతో చేసిన స్పోర్టర్లు పనితనంలో అసలును మించినవి. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారమే 1920ల్లో స్పోర్టర్ రూపంలో కొన్ని తయారుచేసింది. బర్మింగ్‌హామ్‌లో పార్కర్-హేల్ చేసిన లీ-ఎన్‌ఫీల్డ్ స్పోర్టర్లకూ అభిమానులున్నారు. వీటిలో ఒకదాన్ని సైనిక రూపానికి మార్చితే, రెండు రకాల చరిత్రలో ఒకటి మళ్లీ పోతుంది. రిసీవర్ కుడివైపు లైమన్ 48 అనే వాణిజ్య సైట్ ఉన్న స్ప్రింగ్‌ఫీల్డ్ దొరికితే ముందు ఆ సైట్ విలువ తెలుసుకోవాలి, చాలాసార్లు అది విడిగానే మంచి ధర పలుకుతుంది.

పేరున్న పనివాడు కాకుండా, ఎవరో రైతు గరాజులో రంపంతో కోసినది అయితే? అక్కడ కూడా ఒక మాట ఉంది. యుద్ధం తర్వాత కొత్త వేట రైఫిల్ కొనలేని కుటుంబాలు ఈ రైఫిళ్లతోనే దశాబ్దాల పాటు జింకల్ని వేటాడాయి. ఆ రైఫిల్ ఇంట్లో తరతరాలుగా ఉన్నదైతే దాని కోతకు ఆ ఇంటివాళ్లకు అర్థం ఉంటుంది. ఎవరిదో తెలియని, మార్కెట్‌లో తిరుగుతున్న రైఫిల్ విషయంలో మాత్రం ఈ వాదన నన్ను అంతగా ఒప్పించదు.

ఇంతకన్నా బలమైన అభ్యంతరం చెక్క ఎక్కడి నుంచి వస్తుందన్నది. మిగులు గిడ్డంగుల్లోంచి వచ్చిన విడి భాగాలు తగ్గుతున్నకొద్దీ కొందరు వ్యాపారులు పూర్తిగా ఉన్న రైఫిళ్లను విప్పి భాగాలుగా అమ్ముతున్నారు. అలా వచ్చిన చెక్కతో ఒక స్పోర్టర్‌ను బాగుచేస్తే ఇంకో మంచి రైఫిల్ స్పోర్టర్ కన్నా హీనంగా మిగులుతుంది. ఆ కాలపు చెక్కే కావాలన్న పట్టుదల లేకపోతే కొత్తగా చేసిన స్టాక్ వాడటం దీనికి ఒక జవాబు. కొందరు దాన్ని ఒప్పుకోరు. నేనైతే ఒప్పుకుంటాను.

మోసం భయం కూడా ఉంది. ఈరోజు నిజాయితీగా చేసిన పునరుద్ధరణ మూడు చేతులు మారాక అసలు రైఫిల్‌గా అమ్ముడుపోవచ్చు. అందుకే జాగ్రత్త ఉన్న పనివాళ్లు ఫోర్‌ఎండ్ లోపల, బ్యారెల్ కింద కనిపించని చోట తేదీ, మార్చిన భాగాల పేర్లు చెక్కి ఉంచుతారు. పాత ముద్రల్ని నకలు చేయరు, వేరే నంబర్ ఉన్న బోల్ట్ మీద కొత్త నంబర్ కొట్టరు. తీసేసిన స్పోర్టర్ చెక్కను కూడా రైఫిల్‌తో పాటే ఉంచి, అమ్మేటప్పుడు కొన్నవాళ్లకు ఇచ్చేస్తారు.